పనియే పాఠశాల

వంతెనలు, ఆనకట్టలు, రైలుమార్గములు, విద్యుత్కేంద్రములు మొదలగువానిని నిర్మించి నడపువారిని ఇంజనీర్లు అందురు. ఇంజనీరు కావలెనని కోరుకొను బాలబాలికలు మన పల్లెలలో ఎందరో కలరు. కాని ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికే వారిలో అనేకుల మనస్సులలో ఒక భయము పాదుకొనుచున్నది. పట్టణమునకు పోయి, వేలకు వేలు చెల్లించి శిక్షణ పొందినగాని ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు రాదనియు, ర్యాంకు రానిచో తాము ఇంజనీర్లు కాజాలమనియు వారు తలచుచున్నారు. ఒక్క దినమున మూడు గంటల కాలములో వ్రాసిన పరీక్షయే తమ బ్రతుకును నిర్ణయించునని క్రుంగిపోవువారును కలరు.

ప్రవేశపరీక్ష ఒక ద్వారము. అది మంచి ద్వారమే. దానిని తట్టగలవారు తప్పక తట్టవలెను. కాని ఇంజనీరింగు అను ఇంటికి అది యొక్కటియే ద్వారము కాదు. చేతిపనితో మొదలిడి, పనినే బడిగా చేసికొని ఆ యింట ప్రవేశించినవారు పూర్వమును కలరు, నేడును కలరు. అట్టివారిలో జార్జి స్టీఫెన్సను మిక్కిలి ప్రసిద్ధుడు. అతని చరిత్రలో గెలుపు మాత్రమే కాదు, ఆ దారిలోని కష్టములును, ఒక పెద్ద పొరపాటును కనిపించును. కనుక ఆ చరిత్ర తెలిసికొనదగినది.

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున టైను అను నది ప్రవహించుచున్నది. ఆ నదీతీరమున, న్యూకాసిలు నగరమునకు సమీపమున వైలము అను గ్రామము కలదు. ఆ ప్రాంతమంతయు అప్పట్లో బొగ్గుగనులతో నిండియుండెను. జార్జి స్టీఫెన్సను 1781వ సంవత్సరము జూను 9వ తేదీన ఆ గ్రామమున జన్మించెను. గనిలో ఊరిన నీటిని పైకి తోడుటకు ఒక ఆవిరియంత్రముండెను. దాని పొయ్యిలో బొగ్గు వేయుట అతని తండ్రికి పని. తల్లిదండ్రుల కిరువురకును చదువు రాదు. ఎనమండుగురు గల ఆ కుటుంబము ఒకే గదిలో కాపురముండెను. ఇంటి వాకిటి ముందుగా కొయ్యపట్టాల బాట యొకటి పోవుచుండెను. దానిమీద బొగ్గుబండ్లను గుఱ్ఱములు లాగుచుండెను. తమ్ములును చెల్లెండ్రును ఆ బండ్ల క్రింద పడకుండ కాచుట జార్జికి చిన్ననాటి పని.

కుమారుని బడికి పంపు శక్తి ఆ తండ్రికి లేదు. జార్జి కొంచెము ఎదిగినంతనే ఒక వితంతువు ఇంట ఆవులు కాచుటకు కుదిరెను. కూలి దినమునకు రెండు పెన్నీలు. ఆవులు మేయుచుండగా అతడు బంకమట్టి తెచ్చి యంత్రముల బొమ్మలు చేయుచుండెను. బోలుగా నుండు మొక్కల కాడలే వానికి ఆవిరిగొట్టములు. కొన్నాళ్లకు బొగ్గునుండి రాళ్లు ఏరు పని దొరికెను. పిదప గుఱ్ఱమును తోలు పని. పదునాలుగవ యేట యంత్రపు పొయ్యి కడ సహాయకుని పని. పదునేడవ యేట అతడు యంత్రమును నడుపువాడయ్యెను. అదే యంత్రమునకు తండ్రి బొగ్గు వేయుచుండెను. కుమారుడు తండ్రికంటె పై మెట్టు ఎక్కెనన్నమాట.

ఇక్కడనే జార్జికిని తక్కిన పనివారికిని భేదము కనిపించును. శనివారము సాయంకాలమున యంత్రము నిలుపగానే తక్కినవారు విశ్రాంతికై పోవుచుండిరి. జార్జి పోవువాడు కాడు. యంత్రమును భాగములుగా విప్పి, ప్రతి భాగమును తుడిచి, అది ఏ పని చేయుచున్నదో, ఏల చేయుచున్నదో పరిశీలించి మరల బిగించుచుండెను. ఈ విధముగా ఆ యంత్రము అతనికి మొదటి గ్రంథమయ్యెను.

కాని అతనికి అక్షరములు రావు. జేమ్సు వాట్ మొదలగువారు చేసిన క్రొత్త యంత్రములను గూర్చి పుస్తకములలో వ్రాసియున్నదని విన్నప్పుడు, ఆ పుస్తకములు తనకు మూసిన తలుపులని అతడు గ్రహించెను. చేతులకు ఎంత నేర్పున్నను చదువు లేనివాడు ఒకచోట ఆగిపోవునని అతనికి తోచెను. అప్పటి కతని వయస్సు పదునెనిమిదేండ్లు. తనకంటె చిన్నవారు తప్పులు లేకుండ చదువుచుండగా, గనిలో పండ్రెండు గంటలు పనిచేసి వచ్చిన ఆ యువకుడు సిగ్గుపడక రాత్రిబడిలో అక్షరములు దిద్దెను. వారమునకు మూడు రాత్రులు చదువు. మూడు పెన్నీలు ఫీజు. పందొమ్మిదవ యేట తన పేరు తాను వ్రాసికొనగలిగెను. తరువాత వేరొక ఉపాధ్యాయుని వద్ద గణితము నేర్చెను. ఉపాధ్యాయుడు పలకపై లెక్కలు వేసి యిచ్చెడివాడు. జార్జి మరునాడు యంత్రపు పొయ్యి ప్రక్కన కూర్చుండి, పని నడుమ దొరకిన తీరికలో వానిని సాధించి, సాయంకాలమునకు పంపుచుండెను.

అతడు 1802లో వివాహమాడెను. మరుసటి యేట రాబర్టు అను కుమారుడు కలిగెను. తీరిక వేళలలో పాదరక్షలు బాగుచేసియు, గడియారములు బాగుచేసియు అతడు నాలుగు డబ్బులు కూడబెట్టుచుండెను. ఇంతలో కష్టములు ఒకదాని వెంట నొకటి వచ్చెను. పసికూతురు మరణించెను. 1806లో భార్య క్షయవ్యాధితో మరణించెను. పనికై స్కాట్లండునకు పోయి తిరిగి వచ్చునప్పటికి, తండ్రి గనిలో ఆవిరి సోకి రెండు కన్నులను పోగొట్టుకొనియుండెను. ఆ దినములలో యుద్ధము నడచుచుండుటచే జార్జికి సైన్యమున చేరవలసిన వంతు వచ్చెను. కూడబెట్టిన ధనములో కొంత తండ్రి అప్పులు తీర్చుటకును, మిగిలినది తనకు బదులు సైన్యమున చేరువానికి ఇచ్చుటకును సరిపోయెను. నిరాశచే అతడు దేశము విడిచి అమెరికాకు పోదలచెను. పోవుటకు ఓడ ఖర్చులు కూడ లేకపోవుటచే ఆగిపోయెను.

అతడు ఆగిపోవుటయే మేలయ్యెను. అప్పుడతడు పనిచేయుచుండినది కిల్లింగ్‌వర్తు గనిలో. అక్కడ ఒక క్రొత్త గొయ్యి త్రవ్వి, నీరు తోడుటకు యంత్రమును నిలిపిరి. యంత్రము ఎంత పనిచేసినను నీరు తగ్గలేదు. ఆ చుట్టుపట్ల గల ఇంజనీర్లెల్లరు వచ్చి చూచి చేతులెత్తిరి. దాదాపు సంవత్సరకాలము వ్యర్థమయ్యెను. 1811లో జార్జి ఆ యంత్రమును జాగ్రత్తగా పరీక్షించి, తాను దానిని బాగుచేయగలనని చెప్పెను. వేరు దారి లేక అధికారులు ఒప్పుకొనిరి. అతడు దానిని విప్పి, లోపములను సవరించి నిలిపెను. కొద్ది దినములలోనే గొయ్యి అడుగువరకు నీరు తోడబడెను. పనివారు అడుగునకు దిగిరి. దీనికై అతనికి పది పౌనుల బహుమానము లభించెను. మరుసటి యేట గని యంత్రములన్నిటిపై అధికారిగా నియమింపబడెను. జీతము సంవత్సరమునకు నూరు పౌనులు. శనివారపు సాయంకాలములలో విప్పి బిగించి నేర్చిన చదువు ఆనాడు ఫలించెను.

అధికారియైన వెనుక జార్జి మొదట చేసిన పని కుమారుని చదివించుట. తనకు చదువు లేమివలన కలిగిన లోటు కుమారునకు కలుగరాదని అతని పట్టుదల. రాబర్టును న్యూకాసిలులోని మంచి పాఠశాలలో చేర్చి, పోయివచ్చుటకు ఒక గాడిదను కొనియిచ్చెను. కుమారుడు నగరమందలి గ్రంథాలయమున శాస్త్రగ్రంథములు చదివి, వానిలోని చిత్రములను కాగితముపై గీసి తెచ్చుచుండెను. రాత్రులయందు తండ్రియు కుమారుడును దీపము ప్రక్కన కూర్చుండి వానిని చదువుచుండిరి. ఇరువురును కలసి 1816లో తమ ఇంటి ద్వారముపై ఒక నీడగడియారమును చెక్కి నిలిపిరి. కుమారునకు పాఠము చెప్పవలసిన వయస్సులో తండ్రి కుమారుని వలన పాఠము నేర్చుట చిన్నతనమని జార్జి తలంపలేదు.

ఆ కాలమున బొగ్గుగనులలో మండెడి వాయువు వెలువడుచుండెను. పనివారి దీపపు మంట దానికి తగులగానే గని ప్రేలి, ఒక్కొక్కసారి పదులకొలది జనులు మరణించుచుండిరి. వాయువు ప్రేలకుండ వెలుగునట్టి దీపమును చేయవలెనని జార్జి పూనుకొనెను. 1815వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన తాను చేయించిన దీపమును తీసికొని గనిలో దిగెను. పైకప్పునుండి వాయువు బుసకొట్టుచు వెలువడు తావునకు పోయెను. తోడు వచ్చినవారు దూరముననే నిలిచిరి. దీపము తప్పినచో ప్రాణము దక్కదు. జార్జి ఒంటరిగా ముందునకు నడచి వెలుగుచున్న దీపమును వాయువునకు ఎదురుగా పట్టెను. మంట మొదట పెరిగి, పిదప కొట్టుకొని ఆరిపోయెను, గని ప్రేలలేదు. తాను చేసిన వస్తువును మొదట తన ప్రాణముపై పరీక్షించుకొన్న ధీరుడతడు.

అదే కాలమున గొప్ప శాస్త్రజ్ఞుడైన సర్ హంఫ్రీ డేవీయు వేరుగా ఒక రక్షణదీపమును నిర్మించెను. అతనికి రెండువేల పౌనుల బహుమానమిచ్చిరి. జార్జికి నూరు గినీలు మాత్రమే దక్కెను. అంతటితో ఆగక, చదువులేని గనిపనివాడు అట్టి దీపమును కల్పింపజాలడనియు, డేవీ ఆలోచనను దొంగిలించెననియు కొందరు నిందించిరి. జార్జిని ఎరిగినవారు విచారణ జరిపి, అతని దీపము అతని స్వంత కల్పనయే యని నిరూపించి, చందాలెత్తి వేయి పౌనులు సమర్పించిరి. 1833లో పార్లమెంటు సంఘమొకటి ఈ కీర్తిలో ఇరువురకును సమాన భాగము కలదని తేల్చెను. పట్టము లేనివాని పనిని లోకము వెంటనే నమ్మదు. అట్టివాడు తన పనిని ఒకటికి రెండుసార్లు నిరూపించుకొనవలసియుండును.

జార్జి పేరు రైలుబండితో ముడిపడియున్నది. పట్టాలపై నడచు ఆవిరిబండిని మొదట చేసినవాడు అతడు కాడు. రిచర్డు ట్రెవితిక్కు 1804లోనే అట్టి బండిని నడపెను. కాని దానిని నమ్మదగిన వాహనముగ తీర్చిదిద్దినవాడు జార్జి. 1814లో అతడు చేసిన మొదటి బండి ముప్పది టన్నుల బరువును గంటకు నాలుగు మైళ్ల వేగముతో లాగెను. 1825వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన స్టాక్‌టను, డార్లింగ్‌టను పట్టణముల నడుమ అతడు నిర్మించిన రైలుమార్గము తెరువబడెను.

కీర్తి పెరుగుచున్న ఆ 1825లోనే జార్జికి గొప్ప అవమానము జరిగెను. లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ రైలుమార్గమును వేయుటకు పార్లమెంటు అనుమతి కావలసియుండెను. భూమిని కొలిచి, ఎత్తుపల్లములను లెక్కించి పటములు తయారుచేయు భారము జార్జిది. అనేక పనులతో తీరికలేని అతడు కొలతలను సహాయకులకు అప్పగించెను. వానిని తాను సరిచూడలేదు. తమ పొలములలో అడుగిడనీయక భూస్వాములు ఆటంకపరచుటయు నిజమే. ఏప్రిలు నెలలో పార్లమెంటు సంఘము ఎదుట ప్రతిపక్ష న్యాయవాది అతనిని ప్రశ్నింపసాగెను. నదిపై కట్టబోవు వంతెన వెడల్పెంత? ఎన్ని కమానులు? జార్జి సరిగా చెప్పలేకపోయెను. కొలతలలో పెద్ద తప్పులు బయటపడెను. అతని పల్లెయాసను విని సభ్యులు నవ్విరి. బిల్లు వీగిపోయెను. ఆ పని వేరొకరికి అప్పగింపబడెను.

ఆ నవ్వులో కొంత అన్యాయమున్నది. యాసకును విద్యకును సంబంధము లేదు. కాని కొలతలోని తప్పు తప్పే. పరీక్ష వ్రాసి వచ్చినవాడైనను, గనినుండి పైకి వచ్చినవాడైనను కొలత తప్పినచో వంతెన నిలువదు. జార్జి ఈ సత్యమును గ్రహించెను. 1826లో క్రొత్త కొలతలతో బిల్లు నెగ్గిన పిదప, యజమానులు నిర్మాణభారమును మరల అతనికే ఒప్పగించిరి. ఆ మార్గమున చాట్‌మాసు అను గొప్ప బురదనేల కలదు. నెలల తరబడి ఎంత మట్టి పోసినను అది మ్రింగివేయుచుండెను. పని మానుకొనుట మేలని యజమానులు సయితము ఆలోచించిరి. జార్జి పొదలను, చెట్టుకొమ్మలను తడకలుగా అల్లి పరపించి, వానిపై మట్టి పోయించి, పడవ నీటిపై తేలునట్లు రైలుబాటను బురదపై తేలునట్లు చేసెను. ఈ మారు అతడు ప్రతి అడుగును స్వయముగా చూచుకొనెను.

1829వ సంవత్సరము అక్టోబరులో రెయిన్‌హిల్లు అనుచోట యంత్రములకు పందెము జరిగెను. బహుమానము ఐదువందల పౌనులు. రాబర్టు నడపు కర్మాగారమున తయారైన ‘రాకెట్టు’ అను బండి ఒక్కటియే పరీక్షనంతటిని పూర్తిచేసెను. దాని అత్యధిక వేగము గంటకు సుమారు ముప్పది మైళ్లు. తండ్రి అనుభవమును, కుమారుని శాస్త్రజ్ఞానమును కలసినప్పుడు కలిగిన ఫలమది. 1830 సెప్టెంబరు 15వ తేదీన ఆ రైలుమార్గము తెరువబడెను. 1847లో మెకానికల్ ఇంజనీర్ల సంఘము స్థాపింపబడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు జార్జి స్టీఫెన్సనే. మరుసటి యేట ఆగస్టు 12వ తేదీన అతడు మరణించెను.

జార్జి కాలము వేరు, నేటి కాలము వేరు. అతని చిన్ననాట ఆ గనిపల్లెలలో ఇంజనీరింగు నేర్పు కళాశాలలు లేవు. నేడు గొప్ప నిర్మాణముల బాధ్యత వహించుటకు పట్టమో డిప్లమాయో కావలెను. కావున అతనివలె ఏ యోగ్యతాపత్రమును లేక ఇంజనీరు కావలెననుట నేడు సాధ్యము కాదు. కాని పనినుండి చదువునకు, చదువునుండి మరల పనికి పోవు ఆ దారి మూసికొనిపోలేదు. మన రాష్ట్రములలో ఆ దారికి ఇప్పుడు మెట్లు కట్టబడియున్నవి.

మొదటి మెట్టు ఐ.టి.ఐ. అని పిలువబడు పారిశ్రామిక శిక్షణ సంస్థ. ఇందు పదవ తరగతి మార్కులను బట్టి ప్రవేశమిత్తురు. కొన్ని పనులకు ఎనిమిదవ తరగతి చదివినను చాలును. ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు, ఎలక్ట్రీషియను మొదలగు శిక్షణలు రెండేండ్లు జరుగును. ఇవి బాలురకు మాత్రమే కాదు, బాలికలకును. శిక్షణ ముగిసిన వెనుక దేశవ్యాప్తముగ జరుగు పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి జాతీయ యోగ్యతాపత్రము లభించును.

రెండవ మెట్టు అప్రెంటిసు శిక్షణ. 1961లో వచ్చిన అప్రెంటిసుల చట్టము ప్రకారము కర్మాగారములు యువకులను చేర్చుకొని, స్టయిపెండు ఇచ్చి పని నేర్పవలెను. స్టీఫెన్సను తీర్చిదిద్దిన రైలు నేడు మన బిడ్డలకును గురువగుచున్నది. రైల్వే కర్మాగారములలో అప్రెంటిసులను పదవ తరగతి, ఐ.టి.ఐ. మార్కులను బట్టి ఎన్నుకొనుచున్నారు. జార్జికి ఆ గని కొలువు ఏ శిక్షణ నిచ్చినదో, వీరికి కర్మాగారము ఆ శిక్షణనే క్రమపద్ధతిలో ఇచ్చుచున్నది.

ఇంతమాత్రమున ఇంజనీరు అయినట్లు కాదు. నేర్పరియైన పనివాడు అయినట్లు. ఇంకను పైకి పోదలచువానికి మూడవ మెట్టు పాలిటెక్నికు. పదవ తరగతి పిదప నేరుగా అందు చేరుటకు పాలిసెట్టు అను పరీక్ష కలదు. రెండేండ్ల ఐ.టి.ఐ. చదివినవారు నియమింపబడిన పరీక్షలో నెగ్గి డిప్లమా రెండవ సంవత్సరమున చేరవచ్చును. డిప్లమా పొందినవారు ఈసెట్టు వ్రాసి ఇంజనీరింగు పట్టపు చదువులో రెండవ సంవత్సరమున చేరవచ్చును. ఇవియు పరీక్షలే. కాని ఇవి పని నేర్చిన వెనుక వచ్చు పరీక్షలు. యంత్రమును చేతితో విప్పి చూచినవానికి యంత్రమును గూర్చిన ప్రశ్న అంతగా భయము పుట్టింపదు.

పదవ తరగతి మార్కులనే ఆధారముగ గొని ఇంజనీరింగు చదువునకు నేరుగా కొనిపోవు ద్వారమును ఒకటి కలదు. 2008లో గ్రామీణ విద్యార్థుల కొరకు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. జనులు దీనిని ట్రిపుల్ ఐటీ అందురు. నూజివీడు, ఇడుపులపాయ, బాసర దీని తొలి ప్రాంగణములు. ఇందు చదువు ఆరేండ్లు. మొదటి రెండేండ్లు ఇంటర్మీడియెటుతో సమానము, తక్కిన నాలుగేండ్లు ఇంజనీరింగు. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి ప్రవేశమున కొంత అదనపు లెక్క కలుపుదురు. 2020లో కరోనా వ్యాధి కారణమున పదవ తరగతి పరీక్షలు జరుగనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని ప్రాంగణములకు ప్రవేశపరీక్ష పెట్టిరి. మామూలు పద్ధతి మార్కులే. ఇదియు ఒక పోటీయే. కాని ఒక్కనాటి పోటీ కాదు. దీనికి తయారగుటకు పట్టణమునకు పోనక్కరలేదు. తన ఊరి బడిలో ప్రతిదినము శ్రద్ధగా చదివినచో చాలును.

ఉద్యోగము చేయుచునే పరీక్షలు వ్రాసి ఇంజనీరైనవారును మన దేశమున వేలకొలది కలరు. 1920లో ఏర్పడిన భారత ఇంజనీర్ల సంస్థ ఏ.ఎం.ఐ.ఇ. అను పరీక్షలు జరుపుచు వారికి దారి చూపినది. 2013 మే 31వ తేదీ వరకు అందు చేరినవారి ఉత్తీర్ణతను కేంద్ర ప్రభుత్వము పట్టముతో సమానముగ గుర్తించెను. ఆ తరువాతి వారికి ఈ గుర్తింపు వర్తింపదు. కావున ఏ దారి తొక్కబోవువారైనను ఆనాటి నియమములను ముందుగ విచారింపవలెను.

ఈ విచారణ మిక్కిలి ముఖ్యము. పరీక్ష లేదు, కష్టము లేదు, డబ్బు కట్టినచో పట్టమిత్తుమని ఆశ చూపువారు ఎప్పుడును ఉందురు. కొన్ని విశ్వవిద్యాలయములు తగిన అనుమతి లేకయే దూరవిద్య ద్వారా ఇంజనీరింగు పట్టములిచ్చెను. అవి సక్రమము కావని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, సంవత్సరములు వెచ్చించి చదివినవారు ఎందరో చిక్కులలో పడిరి. చేరబోవు సంస్థకు ప్రభుత్వ గుర్తింపు కలదా యని అడిగి తెలిసికొనుట సిగ్గుపడవలసిన విషయము కాదు. కొలతను సరిచూచుకొనని దినముననే స్టీఫెన్సను ఓడిపోయెనని మరువరాదు.

ప్రక్క ద్వారము సులభమైన ద్వారమని ఎవ్వరును భ్రమపడరాదు. అది దూరమైన ద్వారము. అక్కడికి చేరుటకు ఎక్కువ యేండ్లు పట్టును. పనివాడని చిన్నచూపు చూచువారు ఎదురగుదురు. గణితము, విజ్ఞానము, భాష నేర్వక తప్పదు. పగలు పనిచేసి రాత్రి నేర్వవలసివచ్చుటచే ఆ చదువు మరింత కష్టము. కాని ఆ దారిని నడచినవాడు కాగితముపై గీసిన గీత ఇనుముగా, ఇటుకగా ఎట్లు మారునో ఎరిగియుండును. ఆ ఎరుక వాని చేతినుండి ఎవ్వరును తీసికొనజాలరు.

ర్యాంకు రాని బాలుడు చెడినవాడు కాడు. పైరుకు నీరు తోడు మోటారు ఆగినప్పుడు దాని ప్రక్కన కూర్చుండి, ఏల ఆగెనని ఆలోచించు బాలికలో ఇంజనీరు అప్పుడే మేల్కొన్నట్లు. ఆమె చేయవలసినది రెండే పనులు: ఆ ప్రశ్నను విడువకుండుట, దానికి బదులు చెప్పు చదువును, ఏ ద్వారమునుండియైనను, వెదకికొనుట. పదునెనిమిదేండ్ల గనిపనివాడు పలక పట్టుకొని రాత్రిబడి గడప దాటిన నాడు చేసినది ఈ రెండు పనులే.

ప్రశ్నలు

1. జార్జి స్టీఫెన్సను పదునెనిమిదవ యేట రాత్రిబడిలో ఏల చేరెను?

2. కిల్లింగ్‌వర్తు గనిలోని యంత్రమును అతడు బాగుచేయగలుగుటకు పూర్వాభ్యాసమేది?

3. రక్షణదీపము విషయమున అతనికి జరిగిన అన్యాయమును వివరింపుము.

4. 1825లో పార్లమెంటు సంఘము ఎదుట అతడు ఓడిపోవుటకు కారణమేమి? అందలి నీతి యేమి?

5. ప్రవేశపరీక్ష కాక ఇంజనీరింగు వృత్తికి పోవు దారులు ఏవి? వానిలో జాగ్రత్తపడవలసిన విషయములేవి?

6. నీ ఊరిలో చదువుతోపాటు చేతిపని నేర్చి పైకి వచ్చినవారితో మాటాడి, వారు నడచిన దారిని గూర్చి పది వాక్యములు వ్రాయుము.